అమ్మకి వాసన తెలియదు, పగలంతా ఇంట్లో ఒక్కతే. గ్యాస్ పొయ్యి విషయంలో ఏం చెయ్యాలి?

సంధ్య_నిజాంపేట్

అందరికీ నమస్కారం. మా అమ్మ వచ్చే వారం నుంచి మా దగ్గరే ఉండబోతోంది. ఇన్నాళ్లూ సూర్యాపేట దగ్గర మా ఊళ్లో ఉండేది. డెబ్బై దాటినా మనిషి చురుకే, వంట మానేసి కూర్చోమంటే మాత్రం ఊరుకోదు. సమస్య ఏంటంటే కరోనా వచ్చి తగ్గాక ఆమెకి వాసన పోయింది, ఇప్పటికీ తిరిగి రాలేదు. అగరుబత్తి ముక్కు దగ్గర పెట్టినా తెలియడం లేదు. మేమిద్దరం పొద్దున్నే ఆఫీసుకి వెళ్లిపోతాం, బాబు స్కూలుకి. పాలు పొంగి మంట ఆరిపోయి గ్యాస్ వస్తూనే ఉంటే ఆమెకి ఎలా తెలుస్తుంది? మా ఆయన గ్యాస్ తీసేసి ఇండక్షన్ పెడదాం అంటున్నారు, అమ్మ దాన్ని ముట్టుకోను అంటోంది. నాకు ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది. గ్యాస్ బండ (సిలిండర్) వంటింట్లోనే, గట్టు కింద ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారో చెప్పండి.

మలక్‌పేట_రావు

సంధ్య గారూ, మంచి ప్రశ్న అడిగారు. అసలు వంటగ్యాస్‌కి సొంతంగా వాసన ఉండదండీ. లీకైతే మనకి తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే రసాయనం కలుపుతారు, ఆ కుళ్లు కంపు దానిదే. అంటే మన ఇళ్లలో ఉన్న ఏర్పాటంతా ముక్కు మీదే ఆధారపడి ఉంది. ముక్కు పనిచెయ్యని మనిషికి అది లేనట్టే కాబట్టి గ్యాస్ ఊరికే బయటికి వచ్చే అవకాశాన్నే తగ్గించాలి. అన్నిటికన్నా ముందు అలవాటు చెయ్యాల్సింది, వంట అయిన ప్రతిసారీ బండ దగ్గర రెగ్యులేటర్ ఆపెయ్యడం. రాత్రి ఒక్కసారి ఆపితే చాలదు. పొద్దున టిఫిన్ అయ్యాక, మధ్యాహ్నం అన్నం వార్చాక, ప్రతిసారీ. ముందు రెగ్యులేటర్ ఆపి, పైపులో మిగిలిన గ్యాస్ మండిపోయి మంట దానంతటదే ఆరాక పొయ్యి మీద నాబ్ కట్టెయ్యాలి. అప్పుడు పైపులో కూడా ఏమీ మిగలదు.

చందు_మణికొండ

అన్నిసార్లు తిప్పితే రెగ్యులేటర్ పాడవుతుంది కదా సార్? మా ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, ఏమీ కాలేదు. సంధ్య గారూ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి ఉంచమనండి చాలు. గ్యాస్ వాసన వచ్చినా వెంటనే ఫ్యాన్ వేస్తే బయటికి లాగేస్తుంది.

గ్యాస్‌మెకానిక్_ఉప్పల్

చందూ, దయచేసి ఈ మాట ఇంకెవరికీ చెప్పకు తమ్ముడూ. గ్యాస్ వాసన వచ్చినప్పుడు ఫ్యాన్ స్విచ్ వెయ్యడమే అన్నిటికన్నా ప్రమాదం. స్విచ్ వేసినా ఆపినా లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది. గాలిలో సుమారు నూటికి రెండు వంతుల నుంచి తొమ్మిది, పది వంతుల దాకా గ్యాస్ కలిసి ఉంటే ఆ రవ్వ చాలు. లైటు, మిక్సీ, ఫ్యాన్ ఏదైనా అంతే. ఫ్రిజ్ కూడా దానంతటది ఆన్ ఆఫ్ అవుతూ ఉంటుంది కాబట్టి వంటింట్లో ఫ్రిజ్ పెట్టొద్దని చెబుతుంటాం, ఈ ఊళ్లో సగం ఫ్లాట్లలో మాత్రం అక్కడే ఉంటుంది. ఇంకోటి, సిలిండర్ గ్యాస్ గాలి కన్నా బరువు. పైకి లేవదు, నేల మీద నీళ్లలా పరుచుకుంటూ గట్టు కిందికి, మంచం కిందికి వెళ్లి కూర్చుంటుంది. ఎక్కడో పైన గోడకున్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ దాన్ని లాగలేదు.

ఇక రెగ్యులేటర్ సంగతి. తిప్పడానికే దానికి నాబ్ పెట్టారు. ఒకవేళ అరిగి నాబ్ వదులైతే ఏజెన్సీలో చెప్పి మార్పించుకోవచ్చు, దానికోసం రోజంతా ఆన్‌లో వదిలెయ్యడం ఏం లెక్క?

నేను ఒక ఏజెన్సీలో మెకానిక్‌గా పనిచేస్తున్నా, రోజూ ఇళ్లల్లో చూసేవి చెబుతున్నా. సంధ్య గారూ, అమ్మగారు వచ్చేలోపు మీరే కింద కూర్చుని పైపు చూడండి. ఆరెంజ్ రంగు సురక్షా పైపేనా? దాని మీద ఐఎస్ఐ గుర్తు, తయారైన నెల, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. ఐదేళ్లు దాటితే బాగున్నట్టు కనిపించినా మార్చాలి. పొడవు మీటరున్నర మించకూడదు, మధ్యలో అతుకు ఉండకూడదు. చాలా ఇళ్లలో పైపు పొయ్యి వెనక నుంచి తిప్పి బర్నర్‌కి ఆనేలా పెడతారు. ఆ వేడికి పైపు గట్టిపడుతుంది, వేళ్లతో వంచి చూస్తే సన్నగా బీటలు కనిపిస్తాయి. కొందరు జిడ్డు అంటకూడదని పైపుకి గుడ్డ చుట్టేస్తారు, దానివల్ల బీట వచ్చినా కనపడదు. తీసెయ్యండి.

లీక్ ఉందేమో చూడాలంటే సబ్బు నురగ పట్టించండి. బండ వాల్వ్ చుట్టూ, రెగ్యులేటర్‌కి పైపు తగిలే చోట, పొయ్యి నాజిల్ దగ్గర. బుడగ లేస్తే లీకే. అగ్గిపుల్ల వెలిగించి చూసేవాళ్లు ఇంకా ఉన్నారు, ఆ పని ఎప్పుడూ చెయ్యొద్దు.

పద్మజ_సైదాబాద్

మెకానిక్ గారూ, కొత్త బండ వచ్చినప్పుడు అబ్బాయి గుమ్మంలో పెట్టేసి ఓటీపీ అడిగి వెళ్లిపోతాడు. మేం ఏం చూసుకోవాలి? ఒక్కోసారి రెగ్యులేటర్ పెట్టగానే సుయ్యిమని శబ్దం వస్తుంది, భయమేస్తుంది.

గ్యాస్‌మెకానిక్_ఉప్పల్

అమ్మా, ఓటీపీ చెప్పే ముందే రెండు నిమిషాలు ఆపండి, అది మీ హక్కు. సీలు సరిగ్గా ఉందా చూడండి. బరువు అనుమానంగా ఉంటే తూచమనండి. బండ మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది, దానికి 14.2 కిలోలు కలిపితే వచ్చేదే మొత్తం బరువు. తర్వాత అతనితోనే మూత తీయించి వాల్వ్ గుంతలో నాలుగు చుక్కల నీళ్లు వేయించండి. బుడగలు వస్తే లోపల పిన్ను లీకవుతోంది, ఆ బండ తీసుకోవద్దు.

మీరన్న సుయ్యి శబ్దం ఎక్కువగా వాషర్ వల్ల వస్తుంది. వాల్వ్ నోట్లోకి చూస్తే నల్లగా సన్నని రబ్బరు రింగు ఉంటుంది. అది ఎండిపోయి పగిలినా, అసలు లేకపోయినా, రెగ్యులేటర్ పెట్టి నాబ్ ఆన్ చేసినప్పుడే గ్యాస్ తన్నుకొస్తుంది. మూత ఉన్నప్పుడు ఏమీ తెలియదు. వెంటనే నాబ్ ఆపి, రెగ్యులేటర్ తీసేసి, మూత బిగించి ఏజెన్సీకి ఫోన్ చెయ్యండి. పాత బండలోంచి వాషర్ పీకి ఇందులో పెట్టే పని చెయ్యకండి. తాడుతో వేలాడే ఆ తెల్ల మూతని పారెయ్యొద్దు, బండ ఇంట్లో ఉన్నన్నాళ్లూ దానికే కట్టి ఉండాలి.

ఇంకోటి, బండ పైన పట్టుకునే రింగు కింద నిలువు పట్టీలు ఉంటాయి కదా, వాటి లోపలి వైపు ఒక అక్షరం, రెండు అంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జులై నుంచి సెప్టెంబర్, డి అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. అంకెలు సంవత్సరం. సి-29 అని ఉంటే 2029 సెప్టెంబర్ లోపు ఆ బండకి మళ్లీ పరీక్ష చెయ్యాలి. గడువు దాటినది ఇస్తే మార్చమని అడగండి.

ఫరీదా_టోలిచౌకి

మా అత్తమ్మకి కూడా వయసు వల్ల వాసన సరిగా తెలియదు. మేం గ్యాస్ డిటెక్టర్ పెట్టాం, లీకైతే గట్టిగా కూత పెడుతుంది. ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. సంధ్య గారికి ఇది తప్పకుండా పనికొస్తుంది అనిపిస్తోంది.

సంధ్య_నిజాంపేట్

థాంక్స్ ఫరీదా గారూ, ఇలాంటిదే వెతుకుతున్నా. ఎక్కడ బిగించారు? చిమ్నీ పక్కన పెట్టమని షాపతను చెప్పాడు.

కిరణ్_మియాపూర్

చిమ్నీ పక్కన వద్దండీ! మీది సిలిండర్ అయితే గ్యాస్ నేల దగ్గర చేరుతుంది కాబట్టి డిటెక్టర్ నేల నుంచి ఒక అడుగు ఎత్తులో, బండకి దగ్గరగా ఉండాలి. బండకి మరీ ఆనించి కాదు, కడిగిన నీళ్లు పడే చోటా కాదు. అదే పీఎన్‌జీ, అంటే భాగ్యనగర్ గ్యాస్ లాంటి సంస్థ వీధి లైన్ నుంచి ఇచ్చే సహజవాయువు అయితే అది గాలి కన్నా తేలిక, పైకి పోతుంది, అప్పుడు సీలింగ్‌కి ఒక అడుగు కింద పెట్టాలి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మన దగ్గర చాలా అపార్ట్‌మెంట్లలో "పైప్‌లైన్ గ్యాస్ ఉంది" అంటారు కానీ అది పీఎన్‌జీ కాదు. కాంపౌండ్‌లో ఒక మూల సిలిండర్ల బ్యాంక్ పెట్టి అక్కడి నుంచి ఫ్లాట్లకి లైన్ వేస్తారు. పైపులో వచ్చినా అది ఎల్‌పీజీయే, అంటే సిలిండర్ గ్యాసే, నేలకే దిగుతుంది. మీ అసోసియేషన్‌ని అడిగి ఏ గ్యాసో కనుక్కోకుండా డిటెక్టర్ కొనకండి. కొనేటప్పుడు డబ్బా మీద ఎల్‌పీజీకి అని ఉందా, మీథేన్‌కి, అంటే పీఎన్‌జీకి అని ఉందా చూసుకోండి. లోపలి సెన్సర్‌కి కూడా ఆయుష్షు ఉంటుంది, చాలావాటికి ఐదేళ్ల ప్రాంతం. గడువు తేదీని పెన్నుతో దాని మీదే రాసి పెట్టండి. అది కరెంటు మీద నడిచేదైతే, కరెంటు పోయినప్పుడు పనిచెయ్యదు. బ్యాటరీ కూడా ఉన్నది చూసుకోండి, లేదా ఇన్వర్టర్ లైన్‌కి కలపండి.

పొయ్యి విషయం కూడా చెబుతా. మంట ఆరితే గ్యాస్ దానంతటదే ఆగిపోయే పొయ్యిలు ఉన్నాయి, ఫ్లేమ్ ఫెయిల్యూర్ డివైస్ అంటారు. బర్నర్ పక్కన చిన్న కడ్డీ ఉంటుంది, మంట వేడికి అది వేడెక్కి ఉన్నంతసేపే లోపల వాల్వ్ తెరిచి ఉంటుంది, మంట పోయి చల్లబడితే కొన్ని సెకన్లలో మూసుకుంటుంది. మామూలు రెండు బర్నర్ల పొయ్యిల్లో చాలావాటికి ఇది ఉండదు, గట్టులోకి బిగించే హాబ్‌లలో ఎక్కువగా ఉంటుంది. ధర ఎక్కువే. కానీ మీరు అడిగిన పాలు పొంగే సమస్యకి సూటిగా జవాబు ఇదే. వెలిగించేటప్పుడు నాబ్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి, అమ్మగారికి అది ఒకటి నేర్పాలి.

మలక్‌పేట_రావు

కిరణ్ చెప్పింది నిజం, నాకైతే డిటెక్టర్ కన్నా ఈ పొయ్యే ముఖ్యం అనిపిస్తుంది. డిటెక్టర్ కూత పెట్టేది గ్యాస్ బయటికి వచ్చాక. ఇది అసలు రానివ్వదు. అయితే పైపు దగ్గరో వాషర్ దగ్గరో లీకైతే ఈ పొయ్యి ఏమీ చెయ్యలేదు కాబట్టి వీలైతే రెండూ పెట్టుకోండి. ఒక్కదానికే డబ్బు ఉంటే పొయ్యి మార్చి, రెగ్యులేటర్ ఆపే అలవాటు గట్టిగా చేయించండి.

పద్మజ_సైదాబాద్

సంధ్యా, పాల సంగతికి నా మాట. పాలు మాత్రం మిల్క్ కుక్కర్‌లో కాయించమ్మా. పక్క గోడల మధ్య నీళ్లు పోసి ఈల వేసే గిన్నె ఉంటుంది చూడు, అది. పొంగవు, అడుగంటవు, కాగగానే ఈల వేస్తుంది. అమ్మకి చెవులు బాగానే పనిచేస్తాయి కదా. మనం పాలు సిమ్‌లో పెట్టి పక్క గదిలోకి వెళ్లిపోతాం చూడు, అక్కడే వస్తుంది చిక్కు. సిమ్‌లో ఉన్న మంట కిటికీ గాలికి కూడా ఆరిపోతుంది.

అమ్మ చీర కట్టుకుంటుంది కదా, వంట చేసేటప్పుడు కొంగు బొడ్లో దోపుకోమను. నూలు చీరే కట్టుకోమను, సింథటిక్ చీర అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుపోతుంది. గిన్నెలు దించడానికి కొంగు వాడనివ్వకు, పట్టుకార ఎప్పుడూ ఒకే చోట చేతికందేలా పెట్టు. వెనక బర్నర్ మీద పప్పు పెట్టి ముందు బర్నర్ మీదుగా చెయ్యి చాచడం పెద్దవాళ్లకి మంచిది కాదు. పోపుల డబ్బా, ఉప్పు జాడీ పొయ్యి పైన అల్మరాలో ఉంటే ఈ రోజే కిందికి దించెయ్యి.

శ్రీను_అమీర్‌పేట్

మేం రూమ్‌లో నలుగురం. చిన్న బండ వాడతాం, గల్లీలో ఒకతను పెద్ద బండలోంచి మా దాంట్లోకి ఎక్కిస్తాడు, కిలోకి ఇంత అని. ఇది ప్రమాదమా?

గ్యాస్‌మెకానిక్_ఉప్పల్

చాలా ప్రమాదం తమ్ముడూ, చట్టప్రకారం నేరం కూడా. ఎంత నింపాడో కొలత ఉండదు. బండలో గ్యాస్ ద్రవంగా ఉంటుంది, ఎండకి అది ఉబ్బడానికి పైన ఖాళీ వదలాలి. నిండుగా ఎక్కిస్తే మే నెలలో రేకుల గదిలో ఆ బండ ఏమవుతుందో ఆలోచించు. ఆ చిన్న బండల వాల్వ్‌లకి ఏ పరీక్షా ఉండదు, పొయ్యి నేరుగా నెత్తి మీదే కూర్చుంటుంది. కంపెనీలే 5 కిలోల బండలు అమ్ముతున్నాయి, ఇండేన్ వాళ్లది ఛోటు అంటారు. అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు, ఏదో ఒక గుర్తింపు కార్డు చాలు, ఏజెన్సీల్లోనూ కొన్ని పెట్రోల్ బంకుల్లోనూ దొరుకుతాయి. నలుగురూ తలా కొంచెం వేసుకుని అది తెచ్చుకోండి. గ్యాస్ అయిపోవస్తోందని బండని పక్కకి పడుకోబెట్టడం, వేడినీళ్లలో పెట్టడం కూడా వద్దు. పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటర్‌లోకి వచ్చేస్తుంది, మంట ఒక్కసారిగా ఎగుస్తుంది.

శ్రీను_అమీర్‌పేట్

సరే అన్నా. ఈ ఆదివారమే బంకులో అడుగుతాం.

సంధ్య_నిజాంపేట్

అందరికీ చాలా థాంక్స్. ఇంకో సందేహం. డిటెక్టర్ కూత పెట్టిందనుకోండి, అమ్మ ఒక్కతే ఉంది. ఆ క్షణంలో ఏం చెయ్యాలో ఆమెకి ఎలా చెప్పను? చాలా విషయాలు చెబితే కంగారులో ఏదీ గుర్తుండదు.

మలక్‌పేట_రావు

అవునమ్మా, తక్కువే చెప్పాలి. నేనైతే ఇలా చెబుతా. స్విచ్‌లు ముట్టుకోకు. పొయ్యి, రెగ్యులేటర్ ఆపు. తలుపులు, కిటికీలు తెరువు. బయటికి వచ్చి పక్కింటి వాళ్లని పిలువు. బండ దగ్గరికి వెళ్లడానికి భయంగా ఉంటే అది కూడా వద్దు, తలుపు తెరిచి బయటికి వచ్చెయ్యమనండి. ఫోన్ లోపల చెయ్యకూడదు, మెట్ల దగ్గరికో కిందికో వచ్చాక చెయ్యాలి. గ్యాస్ లీకుకి 1906, అన్ని కంపెనీల సిలిండర్లకీ ఒకటే నంబర్, 24 గంటలూ పనిచేస్తుంది. మంట అంటుకుంటే 101 లేదా 112. ఈ నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి మెయిన్ డోర్ బయటి వైపు అతికించండి. లోపల వంటింట్లో అతికిస్తే అప్పుడు చదివేది ఎవరు?

దీపం గురించి కూడా అనుకోండి. మన ఫ్లాట్లలో చాలామందికి దేవుడి అర వంటింట్లోనో దాన్ని ఆనుకునో ఉంటుంది. అమ్మగారు పొద్దున వెలిగించిన దీపం మధ్యాహ్నం దాకా వెలుగుతూ ఉంటుంది. వీలైతే దేవుణ్ని హాల్లోకి మార్చండి. కుదరకపోతే కనీసం గట్టు ఎత్తు కన్నా పైనే ఉంచండి, నేల మీద వద్దే వద్దు.

ఫరీదా_టోలిచౌకి

పక్కింటి వాళ్లకి కూడా చెప్పి పెట్టండి సంధ్య గారూ. అలారం విని పరుగెత్తుకొచ్చి కాలింగ్ బెల్ కొడతారు, అదీ స్విచ్చే కదా. మా ఫ్లోర్‌లో అందరికీ తలుపు చేత్తో బాదమని చెప్పాం. వాచ్‌మన్‌కి కూడా చెప్పాం, కరెంటు మెయిన్ కింద మీటర్ల గదిలో ఉంటుంది, అక్కడి నుంచి మా ఫ్లాట్‌కి ఆపెయ్యగలడు.

చందు_మణికొండ

ఫ్యాన్ సంగతి చెప్పినందుకు థాంక్స్ అన్నా, మా ఇంట్లో కూడా చెప్పా. ఒకటి అడగాలి. మా కాలనీలో మెడలో కార్డు వేసుకుని ఇద్దరు వచ్చారు, "గ్యాస్ కంపెనీ నుంచి, సేఫ్టీ చెకింగ్" అని. పైపు పాతదైందని చెప్పి, రెగ్యులేటర్‌కీ పైపుకీ మధ్య ఏదో మీటర్ లాంటిది పెట్టుకోవాలి, లేకపోతే కనెక్షన్ ఆపేస్తారని భయపెట్టి పక్కింటి ఆంటీ దగ్గర డబ్బు తీసుకుని బిగించి పోయారు. ఆ మీటర్ ఉంచవచ్చా?

గ్యాస్‌మెకానిక్_ఉప్పల్

తీయించెయ్యండి. మధ్యలో బిగించే సేఫ్టీ పరికరాలనీ, గ్యాస్ ఆదా చేస్తామనేవాటినీ ఆయిల్ కంపెనీలు వద్దనే చెబుతున్నాయి. మధ్యలో ఒక వస్తువు చేరిందంటే లీకవడానికి ఇంకో రెండు చోట్లు పెరిగినట్టు. ఐదేళ్లకోసారి తప్పనిసరి తనిఖీ నిజంగానే ఉంటుంది, కానీ అది మీ ఏజెన్సీ మెకానిక్ చేస్తాడు. ఎవరైనా వస్తే గుమ్మంలో నిలబెట్టి, మీ పుస్తకం మీద ఉన్న ఏజెన్సీ నంబర్‌కి మీరే ఫోన్ చేసి అడగండి. వాళ్లు చూపించిన నంబర్‌కి కాదు.

డాక్టర్_అత్తాపూర్

ఆలస్యంగా చూశాను. రెండు మాటలు చెబుతాను.

మంట నీలంగా ఉండాలి. పసుపు, ఎరుపు మంట వస్తూ గిన్నెల అడుగు నల్లబడుతోందంటే గాలి సరిగా అందడం లేదు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి ఎవరికీ వాసన తెలియదు, ఎల్‌పీజీ డిటెక్టర్ కూడా దాన్ని పట్టుకోదు. బర్నర్ కంతలు శుభ్రం చేయించండి, వంట చేస్తున్నంతసేపూ కిటికీ తెరిచి ఉంచండి. బాత్‌రూమ్ లోపల గ్యాస్ గీజర్ ఉన్నవాళ్లు దాన్ని బయటికి మార్పించుకోండి. తలనొప్పి, వాంతి, మగతగా ఉందంటే వెంటనే గాలిలోకి రావాలి.

చెయ్యి కాలితే పేస్టు, సిరా, పసుపు, ఐసు ఏవీ పెట్టొద్దు. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేసి, పారే చల్లని నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టండి. హైదరాబాద్ ఎండాకాలంలో మిద్దె మీది ట్యాంకు నీళ్లే సలసలా వస్తాయి కాబట్టి బకెట్‌లో పట్టి ఉంచిన నీళ్లు మగ్గుతో పోస్తూ ఉండండి. తర్వాత శుభ్రమైన తడి గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి. ఒంటికి మంట అంటుకుంటే పరుగెత్తకూడదు, నేల మీద పడి దొర్లాలి.

సంధ్య గారూ, అమ్మగారి ముక్కు విషయం ఈఎన్‌టీ డాక్టర్‌కి ఒకసారి చూపించండి. రోజూ కొన్ని వాసనలు చూపిస్తూ చేయించే సాధన ఉంది, కొందరిలో మెరుగుదల ఉంటుంది. గుండెకి పేస్‌మేకర్ ఉంటే ఇండక్షన్ పొయ్యి కొనే ముందు గుండె డాక్టర్‌ని అడగండి.

సంధ్య_నిజాంపేట్

పేస్‌మేకర్ లేదండీ, బీపీ మాత్రమే. మా పైపు చూశాను, దాని మీద 2018 అని ఉంది. రేపే మార్పిస్తున్నా. పొయ్యి కూడా కిరణ్ గారు చెప్పిన రకం చూస్తున్నాం. ఇంకో విషయం, మా కనెక్షన్ ఇంకా పాత అద్దె ఇంటి అడ్రస్ మీదే ఉంది, బండ మాత్రం ఇక్కడికి వస్తోంది. దానివల్ల ఇబ్బంది ఉందా?

కిరణ్_మియాపూర్

ఉందండీ. గ్యాస్ ప్రమాదాలకి ఆయిల్ కంపెనీలు తీసుకునే బీమా ఉంటుంది, మనం విడిగా కట్టేది ఏమీ లేదు. ప్రాణం పోతే మనిషికి 6 లక్షలు, వైద్యానికి మనిషికి 2 లక్షల దాకా, ఆస్తి నష్టానికి ఒక ప్రమాదానికి 2 లక్షల దాకా. కానీ ఆస్తి నష్టం కనెక్షన్ నమోదైన అడ్రస్‌లో జరిగితేనే వర్తిస్తుంది. అద్దె ఇళ్లు మారేవాళ్లు చాలామంది ఇది పట్టించుకోరు. పొయ్యికి, పైపుకి ఐఎస్ఐ గుర్తు ఉందా అని కూడా చూస్తారు. పైపు కొన్న బిల్లు దాచండి. ఏదైనా జరిగితే వెంటనే ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలియజెయ్యాలి, కంపెనీకి, బీమా వాళ్లకి వాళ్లే చెబుతారు.

గ్యాస్‌మెకానిక్_ఉప్పల్

రెంటల్ అగ్రిమెంటో కరెంటు బిల్లో, ఆధార్, గ్యాస్ పుస్తకం పట్టుకుని మీ ఏజెన్సీకి వెళ్లండి అమ్మా. కొత్త ఇల్లు వాళ్ల పరిధిలో లేకపోతే అక్కడి ఏజెన్సీకి మార్చి కాగితం ఇస్తారు. పైపు రేపు మార్పించేటప్పుడు రెగ్యులేటర్ కూడా ఒకసారి చూడమనండి, 2018 నాటి పైపు ఉందంటే అది కూడా అప్పటిదే అయి ఉంటుంది.